పిల్లల ఉబ్బసానికి ఫోన్ యాప్: మొదటి రోజు ఏం నింపాలి, దేన్ని నమ్మాలి?

విభాగం: పిల్లల ఆరోగ్యం » ఆయాసం, ఉబ్బసం

హనుమకొండ_లక్ష్మి · సోమవారం రాత్రి 9:14

బాబుకి 7 ఏళ్లు. డాక్టరుగారు రాసింది: బుడెకార్ట్ 100 (రోజూ వేసే స్టెరాయిడ్ ఇన్హేలర్), పొద్దున రెండు పఫ్‌లు, రాత్రి రెండు పఫ్‌లు, స్పేసర్‌తో (ఇన్హేలర్‌కి తగిలించే ప్లాస్టిక్ గొట్టం). ఆయాసం వస్తే అస్థాలిన్ (సాల్బుటమాల్ ఇన్హేలర్). ఎంత వేగంగా గాలి ఊదగలడో కొలిచే పీక్ ఫ్లో మీటర్ కూడా కొనమన్నారు, కొన్నాం. మళ్లీ చూపించాల్సింది 8 వారాలకి. అప్పటిదాకా లెక్కలన్నీ ఫోన్‌లో యాప్ పెట్టుకుని రాయమన్నారు, ఏ యాప్ అన్నది చెప్పలేదు. ప్లే స్టోర్‌లో వెతికితే కుప్పలు తెప్పలుగా వస్తున్నాయి.

అడగాల్సినవి మూడు. యాప్ ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి? మొదటి రోజు ఏమేం నింపాలి? పొద్దునపూట మందు వేసేది మా అత్తయ్య, ఆవిడది కీప్యాడ్ ఫోన్. మరి రిమైండర్ ఎలా?

నర్స్_సుజాత · సోమవారం రాత్రి 9:52

లక్ష్మిగారూ, యాప్ కంటే ముందు మీ చేతిలో ఒక కాగితం ఉండాలి. ఆకుపచ్చ (బాగున్నాడు), పసుపు (ఇబ్బంది మొదలైంది), ఎరుపు (ప్రమాదం) అని మూడు గళ్లు, ఏ గడిలో ఉంటే ఏం చేయాలో డాక్టరుగారి చేతిరాతతో. అది లేకపోతే రేపు ఫోన్ చేసి మూడే మూడు విషయాలు అడగండి. పసుపులో అస్థాలిన్ ఎన్ని పఫ్‌లు, ఎంతసేపటికోసారి, మొత్తం ఎన్నిసార్లు? దానికీ తగ్గకపోతే ఎన్ని గంటల్లోపు ఆసుపత్రికి రావాలి? ఎరుపులో ఉంటే దారిలో ఏం వేస్తూ ఉండాలి?

ఇది ఎందుకంటే, చాలా యాప్‌లు తెరవగానే ఒక ప్లాన్ ముందే నింపి చూపిస్తాయి. అది మీ బాబుది కాదు. వేరే దేశపు మందుల పేర్లు, పెద్దవాళ్ల డోసులు ఉంటాయందులో. దాన్ని చెరిపేసి మీ కాగితంలో ఉన్నది దించే వీలుంటేనే ఆ యాప్ పెట్టుకోండి. వీలు లేకపోతే ఎంత అందంగా ఉన్నా తీసేయండి. నా దృష్టిలో మొదటి వడపోత ఇదే.

రెండో వడపోత: ఒక నెల లెక్కని ఒకే పేజీ పీడీఎఫ్‌గా బయటికి ఇవ్వగలదా? ఓపీలో డాక్టరుకి దొరికేది కొద్ది నిమిషాలు. అందులో మీ ఫోన్ పట్టుకుని పైకీ కిందికీ జరుపుతూ కూర్చోరు.

చిలకలగూడ_శీను · సోమవారం రాత్రి 10:05

గింత దానికి యాప్ ఎందుకక్కా? గోడ మీద క్యాలెండర్ ఉంటది, మందు ఏసినంక గీత పెడితే అయిపాయె. ఫోన్‌ల గీత పెట్టినంత మాత్రాన ఆయాసం తగ్గుతదా?

తెనాలి_ఫార్మసిస్ట్ · సోమవారం రాత్రి 10:31

శీనుగారూ, మీ మాటలో సగం నిజం ఉంది. క్యాలెండర్ మీద గీతైనా యాప్‌లో టిక్కైనా ఒకటే, మందు లోపలికి వెళ్లిందని రెండూ సాక్ష్యం చెప్పవు. సాక్ష్యం చెప్పేది ఇన్హేలర్ వెనకున్న డోస్ కౌంటర్.

లెక్క చూడండి. 200 డోసుల ఇన్హేలర్. రోజుకి 4 పఫ్‌లు. 28 రోజులకి 112 పఫ్‌లు అయిపోవాలి, కౌంటర్ మీద 88 కనపడాలి. యాప్‌లో అన్నీ టిక్‌లే, 100 శాతం అని పచ్చగా మెరుస్తోంది. కౌంటర్ చూస్తే 140. అంటే వాడింది 60. వేయాల్సిన దాంట్లో 54 శాతం. అబద్ధం ఎవరూ ఆడలేదు. పొద్దున హడావిడిలో ఒక్క పఫ్‌తో సరిపెట్టడం, నోటిఫికేషన్ పోవాలని ముందే టిక్ కొట్టేయడం, ఎక్కువగా ఈ రెండే కారణాలు.

అందుకని ప్రతి ఆదివారం కౌంటర్ మీద అంకెని యాప్‌లో నోట్స్‌లో రాయండి. టిక్‌ల శాతం జోలికి పోకండి. మీ ఇన్హేలర్‌కి కౌంటర్ లేకపోతే మొదలుపెట్టిన తేదీ, అయిపోవాల్సిన తేదీ మార్కర్‌తో ప్లాస్టిక్ తొడుగు మీద రాయండి. డబ్బాని నీళ్లలో వేసి తేలుతుందా మునుగుతుందా అని చూసే పాత పద్ధతి వద్దు, దాంతో మిగిలిన మందు తెలియదు. పైగా నాజిల్‌లో నీళ్లు చేరతాయి. ఊపి చూసినా లాభం లేదు. మందు అయిపోయాక కూడా లోపలి గ్యాస్ చప్పుడు చేస్తుంది, పఫ్ కూడా వస్తుంది.

పీడియాట్రిక్_పీజీ · సోమవారం రాత్రి 11:20

పీక్ ఫ్లో విషయంలో యాప్‌లు తప్పుదోవ పట్టించేది ఎక్కువగా ఒకే చోట: "నార్మల్" అంకె. కొన్ని యాప్‌లు బాబు ఎత్తు అడిగి ఒక అంచనా విలువ తీసుకుంటాయి. ఆ పట్టికలు వేరే జనాభా మీద తయారైనవి, పాత రైట్ స్కేలు, ఇప్పటి యూరోపియన్ స్కేలు అని మీటర్లలోనూ తేడా ఉంది. కాబట్టి ఎత్తు గడి వదిలేసి "పర్సనల్ బెస్ట్" గడి నింపండి.

అది తెలుసుకోవడం ఇలా. బాబు బాగున్న రోజుల్లో, మందు సరిగ్గా వేస్తున్నప్పుడు, రెండు వారాలపాటు పొద్దున, సాయంత్రం ఊదించాలి. నిలబెట్టి, ముల్లుని సున్నాకి దించి, గుండెల నిండా గాలి పీల్చనిచ్చి, పెదవులు గొట్టం చుట్టూ బిగించి ఒక్కసారిగా గట్టిగా. కొవ్వొత్తి ఆర్పినట్టు ఊదాలి, బెలూన్ ఊదినట్టు కాదు. మూడుసార్లు ఊదించి, అన్నింటికన్నా పెద్ద అంకె రాయాలి. సగటు కాదు. రెండు వారాల్లో వచ్చిన అతి పెద్ద అంకే పర్సనల్ బెస్ట్.

తప్పు అంకె వచ్చే చోట్లు: నాలుక గొట్టానికి అడ్డుపడితే తక్కువ, వేలు ముల్లు జరిగే గాడి మీద ఉంటే తక్కువ. ఉమ్మినట్టు "తుప్" అని ఊదితే అబద్ధపు ఎక్కువ. పిల్లలకి పోటీ పెడితే ఈ మూడోది తప్పకుండా నేర్చుకుంటారు, జాగ్రత్త.

పర్సనల్ బెస్ట్ 200 అనుకుందాం. 160, ఆపైన ఆకుపచ్చ. 100 నుంచి 160 లోపు పసుపు. 100 కన్నా తక్కువ ఎరుపు. అంటే 80 శాతం, 50 శాతం గీతలు. డాక్టరుగారు వేరే గీత పెడితే అదే తీసుకోండి. పీక్ ఫ్లో ఎప్పుడూ ఇన్హేలర్ వేయకముందే చూడాలి. అస్థాలిన్ వేశాక చూసిన అంకె అయితే యాప్‌లో విడిగా గుర్తు పెట్టండి, లేకపోతే గ్రాఫ్ కలగాపులగం అవుతుంది.

ఇంకోటి, పిల్లలు ఎదుగుతారు. ఆరు నెలలకో ఏడాదికో బెస్ట్ 240 అయిందనుకోండి. యాప్‌లో పాత 200 అలాగే ఉంటే, 165 వచ్చిన రోజు అది ఆకుపచ్చ చూపిస్తుంది. నిజానికి 240లో 165 అంటే 69 శాతం, పసుపు. ఈ అంకెని యాప్ తనంతట తాను మార్చదు. ఆరు నెలలకోసారి రిమైండర్ పెట్టుకోండి.

హనుమకొండ_లక్ష్మి · మంగళవారం ఉదయం 6:40

పొద్దున 170, సాయంత్రం 200 అలా వస్తే అది మామూలేనా? రెండూ ఆకుపచ్చలోనే ఉన్నాయి కదా.

పీడియాట్రిక్_పీజీ · మంగళవారం ఉదయం 7:15

మంచి ప్రశ్న. పొద్దునకీ సాయంత్రానికీ కొంత తేడా అందరికీ ఉంటుంది. లెక్క ఇలా: పెద్దదాంట్లోంచి చిన్నది తీసేసి, రెండింటి సగటుతో భాగించాలి. 30ని 185తో భాగిస్తే 16 శాతం. ఇలా రోజూ లెక్కేసి ఒకటి రెండు వారాల సగటు తీస్తే, పిల్లల్లో 13 శాతం దాటితే ఎక్కువ ఊగిసలాట కింద లెక్క. పెద్దవాళ్లకి ఆ గీత 10. ఒక్క రోజు 16 వచ్చిందని కంగారు వద్దు, వారం పొడుగునా అలాగే ఉంటే ఆకుపచ్చలో ఉన్నా సరే డాక్టరుకి చెప్పండి. ఎక్కువ యాప్‌లు రంగు మాత్రమే చూపిస్తాయి, ఈ ఊగిసలాటని చూపించవు. గ్రాఫ్‌లో రంపపు పళ్లలా కనపడుతుంటే అదే ఇది.

కోడ్_వెంకట్ · మంగళవారం ఉదయం 8:02

రిమైండర్ సంగతి నేను చెప్తా, ఆండ్రాయిడ్ యాప్‌లు రాయడమే మన పని. "యాప్ మోగలేదు" అని ప్లే స్టోర్‌లో ఒక స్టార్ ఇచ్చేవాళ్లలో చాలామందికి తప్పు యాప్‌ది కాదు, ఫోన్‌ది. షావోమీ, వివో, ఒప్పో, రియల్‌మీ ఫోన్లు బ్యాటరీ ఆదా కోసం వెనకాల యాప్‌ని చంపేస్తాయి. వరసగా ఇవి చేయండి:

1. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో మీ యాప్, బ్యాటరీ దగ్గర "నో రిస్ట్రిక్షన్స్" లేదా "అన్‌రిస్ట్రిక్టెడ్".
2. "ఆటోస్టార్ట్" అని ఉంటే ఆన్. ఇది లేకపోతే ఫోన్ రీస్టార్ట్ అయ్యాక, మీరు యాప్ తెరిచేదాకా రిమైండర్లు మాయం కావచ్చు.
3. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్‌కి విడిగా అనుమతి అడుగుతుంది. మొదట్లో "వద్దు" నొక్కి ఉంటే అదే కారణం.
4. "అలారమ్స్ అండ్ రిమైండర్స్" అనుమతి ఆండ్రాయిడ్ 12 నుంచి వచ్చింది. ఇది లేకపోతే 6:45 అలారం 7 దాటాక మోగొచ్చు.
5. "వాడకపోతే యాప్‌ని ఆపేయి" అన్న స్విచ్ ఆఫ్. నెలల తరబడి తెరవకపోతే ఫోనే అనుమతులు వెనక్కి తీసేసుకుంటుంది.
6. డూ నాట్ డిస్టర్బ్‌లో ఈ యాప్‌కి మినహాయింపు. రాత్రి డోసు మిస్సయ్యేది ఇక్కడే.

అన్నీ అయ్యాక 5 నిమిషాల తర్వాతకి ఒక అలారం పెట్టి, స్క్రీన్ ఆపేసి, ఫోన్ పక్కన పెట్టి చూడండి. మోగితేనే నమ్మండి. ఫోన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ మళ్లీ ఒకసారి చూసుకోండి.

నర్స్_సుజాత · మంగళవారం మధ్యాహ్నం 1:10

అత్తయ్యగారి కీప్యాడ్ ఫోన్ గురించి. దానికి యాప్ అక్కర్లేదు, అందులో రోజూ మోగే అలారం ఉంటుంది, అది చాలు. కాకపోతే సమయం ఆలోచించి పెట్టండి. 8 గంటలకి పెడితే బడి వ్యాను, టిఫిన్ డబ్బా, యూనిఫాం మధ్యలో పోతుంది. పళ్లు తోమే ముందుకి పెట్టండి. మందు వేశాక పళ్లు తోముకుంటే నోరు పుక్కిలించడం దానంతట అదే అయిపోతుంది. బుడెసొనైడ్ లాంటి స్టెరాయిడ్ నోట్లో మిగిలితే నాలుక మీద తెల్లగా పూత వస్తుంది, గొంతు బొంగురుపోతుంది. పుక్కిలించి ఉమ్మేయాలి, మింగకూడదు.

ఇన్హేలర్‌ని టూత్‌బ్రష్‌లు ఉండే చోటే పెట్టండి, పిల్లాడికి అందకుండా, నీళ్లు పడకుండా. ఆదివారం మీరు ఫోన్ చేసి "అత్తయ్యా, వెనకాల అంకె ఎంతుంది?" అని అడిగి యాప్‌లో రాసేయండి. తెనాలి ఆయన చెప్పిన లెక్క దాంతో సరిపోతుంది, ఆవిడ మీద అనుమానపడినట్టూ ఉండదు.

పఫ్ వేసే పద్ధతి కూడా ఒకసారి ఆవిడ వేస్తుండగా వీడియో తీసి డాక్టరుకి చూపించండి. నాకు తెలిసి ఫోన్ వల్ల అన్నిటికన్నా పెద్ద ఉపయోగం ఇదే, దీనికి ఏ యాప్ కూడా అక్కర్లేదు. వీడియోలో చూడాల్సినవి: ఇన్హేలర్‌ని బాగా ఊపారా? ఒకసారికి ఒక్క పఫ్ మాత్రమే స్పేసర్‌లోకి కొట్టారా? రెండు కలిపి కొడితే మందు కణాలు ఒకదానికొకటి అతుక్కుని గోడలకి అంటుకుంటాయి. పఫ్ కొట్టిన వెంటనే బాబు 5, 6 సార్లు నెమ్మదిగా ఊపిరి తీసి వదిలాడా, వాల్వ్ కదలడం కనపడిందా? రెండో పఫ్‌కి ముందు ఇంకోసారి ఊపారా?

స్పేసర్ నెలకోసారి గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కలు గిన్నెల సబ్బు వేసి కడిగి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరబెట్టాలి. తుడిస్తే ప్లాస్టిక్‌లో స్టాటిక్ పుట్టి మందుని గోడకి లాగేస్తుంది. ఈ కడగడం కూడా యాప్‌లో నెలవారీ రిమైండర్‌గా పెట్టండి, అందరూ మర్చిపోయేది ఇదొక్కటే.

మచిలీపట్నం_అనిత · మంగళవారం మధ్యాహ్నం 2:45

మా పాపకి 3 ఏళ్లు. ఈ పీక్ ఫ్లో అదీ మాకు పనికొస్తుందా? యాప్ మాత్రం రోజూ అడుగుతోంది.

పీడియాట్రిక్_పీజీ · మంగళవారం మధ్యాహ్నం 3:30

రాదండీ. పీక్ ఫ్లో 5, 6 ఏళ్లు వచ్చాకే నమ్మకంగా ఊదగలరు. ఆ గడి ఖాళీగా వదిలేయండి, రోజూ అడగకుండా ఆపే వీలుంటే ఆపేయండి. మూడేళ్లకి లక్షణాల డైరీయే ముఖ్యం: రాత్రి దగ్గుతో లేచిందా, పిల్లికూతలు వినిపించాయా, ఆడుతూ ఆడుతూ ఆగిపోయిందా, నవ్వినా ఏడ్చినా దగ్గు వచ్చిందా, అస్థాలిన్ ఎన్నిసార్లు వేశారు.

ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోండి. 6 ఏళ్లు దాటినవాళ్లకి పగటి లక్షణాలు గానీ రిలీవర్ (అస్థాలిన్‌లాంటి ఆయాసం మందు) గానీ వారానికి రెండుసార్లకి మించితే పూర్తి అదుపులో లేదని లెక్క. 5 ఏళ్లలోపు పిల్లలకి వారానికి ఒకసారి మించినా అదే లెక్క. పెద్దల కోసం రాసిన యాప్ రెండుసార్లదాకా ఆకుపచ్చే చూపిస్తుంది. రాత్రి మెలకువ మాత్రం ఎవరికైనా నాలుగు వారాల్లో ఒక్కసారి వచ్చినా గుర్తించాల్సిందే.

5 ఏళ్లలోపు పిల్లలకి ఆయాసం మొదలైతే ఇంట్లో చేసేదానికి అంతర్జాతీయ మార్గదర్శకం, అంటే జినా, చెప్పేది: సాల్బుటమాల్ 100 మైక్రోగ్రాములది రెండు పఫ్‌లు స్పేసర్‌తో, ఒక్కొక్కటిగా. అవసరమైతే 20 నిమిషాల తేడాతో ఇంకో రెండుసార్లు. మొదటి రెండు గంటల్లో 6 పఫ్‌లకి మించి కావాల్సి వస్తే అదే రోజు ఆసుపత్రికి. మందు వేసినా ఉపశమనం కొద్దిసేపే ఉండి, ఆ వ్యవధి తగ్గిపోతూ ఉంటే ఆలస్యం చేయకుండా వెంటనే. మాస్కు ముఖానికి ఖాళీ లేకుండా ఆనాలి. ఏడుస్తూ ఉండగా వేస్తే మందు లోపలికి పెద్దగా వెళ్లదు.

చిలకలగూడ_శీను · మంగళవారం సాయంత్రం 6:12

సరే, లెక్కలు ఒప్పుకుంటా. కానీ ఈ యాప్‌లతోని పిల్లలకి నిజంగ మేలైందని ఎవరన్న చూసిండ్రా, లేకుంటే కంపెనీలు అమ్ముకునుడేనా?

పీడియాట్రిక్_పీజీ · మంగళవారం రాత్రి 8:40

చూశారు. న్యూజిలాండ్‌లో ఆక్లాండ్‌లో 6 నుంచి 15 ఏళ్ల పిల్లలు 220 మంది మీద 2015లో అచ్చయిన పరీక్ష ఒకటి ఉంది. ఇన్హేలర్‌కి తగిలించే సెన్సర్, దానికి మోగే రిమైండర్. మోగినవాళ్లలో మందు వాడకం 84 శాతం, మోగనివాళ్లలో 30 శాతం. ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ వైపు 2017లో ఇలాంటిదే ఇంకోటి: మోగినవాళ్లలో 70 శాతం, మోగనివాళ్లలో 49. అందులో లక్షణాల స్కోరులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, కానీ నోటి స్టెరాయిడ్ కోర్సులు, ఆసుపత్రిలో చేరడం తగ్గాయి.

అయితే ఒకటి గమనించండి. ఈ రెండింటిలో లెక్కపెట్టింది సెన్సర్, టిక్కులు కాదు. ప్రొపెల్లర్, హేలీ లాంటి సెన్సర్లు విదేశాల్లో వాడేవి ఆ తరహావే. మన మెడికల్ షాపులో ఇచ్చే మామూలు ఇన్హేలర్, దానికి తోడు ఉచిత యాప్, ఈ జోడీకి ఆ అంకెలు అతికించి మాట్లాడితే మోసం. ఆదివారం కౌంటర్ చూడమన్నది అందుకే. పేదవాడి సెన్సర్ అది.

డల్లాస్_పద్మ · మంగళవారం రాత్రి 9:05

అమెరికా యాప్‌లు వాడేవాళ్లకి రెండు మాటలు. అక్కడ అల్బుటెరాల్ అనేదే మన సాల్బుటమాల్. అక్కడి డబ్బా మీద 90 మైక్రోగ్రాములు, ఇక్కడి దాని మీద 100. రెండూ దాదాపు ఒకే డోసు, కొలిచే చోటే తేడా: ఒకరు నోటి దగ్గర బయటికొచ్చింది రాస్తారు, ఇంకొకరు వాల్వ్ దగ్గర కొలిచింది రాస్తారు. సెలవులకి ఇండియా వచ్చినప్పుడు యాప్‌లో కొత్త మందుగా రెండోది జోడిస్తే రిలీవర్ లెక్క రెండు ముక్కలవుతుంది. పాత పేరు కిందే కొనసాగించండి. టైమ్ జోన్ మారితే రాత్రి డోసు తెల్లవారుజామున మోగుతుంది, దిగగానే సరిచూసుకోండి.

ఇన్హేలర్ రంగుని మాత్రం నమ్మకండి. నీలం అంటే రిలీవర్ అని బ్రిటన్ లాంటి చోట్ల అలవాటు, ఇక్కడ కంపెనీకో రంగు. యాప్‌లో బొమ్మ రంగు చూసి అమ్మమ్మ ఇంకోటి వేసే ప్రమాదం ఉంది. తెలుగులో పెద్ద అక్షరాలతో "రోజూ వేసేది", "ఆయాసానికి" అని స్టిక్కర్ అంటించడమే మేలు.

తెనాలి_ఫార్మసిస్ట్ · మంగళవారం రాత్రి 9:48

పద్మగారి స్టిక్కర్ మాటకి నా ఓటు. ఇంకో రెండు.

ఒకటి, రిలీవర్ కౌంట్. 200 డోసుల అస్థాలిన్ లాంటివి ఏడాదికి మూడు అంతకుమించి అయిపోతుంటే తీవ్రమైన దాడి వచ్చే ముప్పు ఎక్కువని తేలింది. షాపులో చీటీ లేకుండా అడిగి తీసుకెళ్తారు కాబట్టి ఈ లెక్క డాక్టరుకి తెలియదు. కొన్న తేదీ యాప్‌లో రాయండి. ఇంట్లో ఒకటి, బడి బ్యాగులో ఒకటి ఉంటే రెండూ కలిపి.

రెండు, ఫోరాకార్ట్‌లాంటి ఫార్మోటెరాల్, బుడెసొనైడ్ కలిసినదాన్ని కొందరు పిల్లలకి రోజువారీకీ ఆయాసానికీ అదే ఒక్క ఇన్హేలర్‌గా రాస్తారు. చాలా యాప్‌లకి ఈ పద్ధతి అర్థం కాదు. ఎక్కువ వేస్తే "డోసు మించింది" అని ఎర్ర గంట కొడతాయి, లేకపోతే రిలీవర్ సున్నా అని చూపిస్తాయి. అలాంటప్పుడు ఒకే మందుని రెండు పేర్లతో, "రోజువారీ", "అవసరానికి" అని నమోదు చేయండి. రోజుకి మొత్తం ఎన్ని దాటకూడదో డాక్టరు రాసింది నోట్స్‌లో పైనే ఉండాలి.

మాంటెలుకాస్ట్ బిళ్ల కూడా వాడుతుంటే యాప్‌లో నిద్ర, పీడకలలు, చిరాకు అని ఒక గడి చేర్చండి. ప్రవర్తనలో మార్పుల గురించి అమెరికా ఎఫ్‌డీఏ 2020లో దాని మీద గట్టి హెచ్చరిక పెట్టించింది. డైరీలో తేదీ ఉంటే మందుతోనే మొదలైందా, అంతకుముందు నుంచీ ఉందా తెలుస్తుంది.

కోడ్_వెంకట్ · బుధవారం ఉదయం 7:55

గాలి నాణ్యత చూపించే యాప్‌ల మీద కూడా ఒక మాట, చాలామంది ఇక్కడ బోల్తా పడతారు. ఒకే గాలికి రెండు అంకెలు వస్తాయి. పీఎం 2.5, అంటే గాలిలోని అతి సన్నటి ధూళి, ఘనపు మీటరుకి 60 మైక్రోగ్రాములు ఉందనుకోండి, మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కలో సూచీ 100, "సంతృప్తికరం". అదే అమెరికా లెక్కలో 150 దాటి ఎరుపు. విదేశీ యాప్ చూసి ఒకరు బడి మాన్పిస్తారు, ఆ మండలి సమీర్ యాప్ చూసి ఇంకొకరు ఆటలకి పంపుతారు. ఏదో ఒకటే పట్టుకోండి, బాబు దగ్గు డైరీతో పోల్చి మీకు మీరే గీత గీసుకోండి.

స్టేషన్ ఎంత దూరమో కూడా చూడాలి. హైదరాబాద్‌లో సనత్‌నగర్, జూ పార్క్ లాంటి చోట్ల యంత్రాలున్నాయి. యంత్రమే లేని ఊరికి కూడా కొన్ని యాప్‌లు అంకె చూపిస్తాయి, అది ఉపగ్రహం, వాతావరణ నమూనాలతో వేసిన అంచనా. మీ వీధిలో చెత్త తగలబెడితే దానికి తెలియదు.

నర్స్_సుజాత · బుధవారం ఉదయం 9:20

నిజానికి మన ఇళ్లలో ట్రిగ్గర్లు, అంటే ఆయాసాన్ని రేపేవి, ఆ అంకెలో ఉండవు. దోమల చక్రం, సాంబ్రాణి పొగ, అగరొత్తులు, ఎండుమిర్చి తాలింపు ఘాటు, బొద్దింకలు, తలగడలో దుమ్ము పురుగులు, వయ్యారిభామ మొక్క పుప్పొడి. యాప్‌లో ఇచ్చే ట్రిగ్గర్ జాబితాలో ఇవేవీ కనపడవు, "పెంపుడు పిల్లి", "చెట్ల పుప్పొడి" ఉంటాయి. సొంత పేర్లు చేర్చే వీలుంటే మొదటి రోజే ఇవి చేర్చేయండి. అయితే 20 గడులు పెట్టకండి, వారం తర్వాత ఎవరూ నింపరు. ఐదు చాలు, అందులో ఒకటి "జలుబు" అయి తీరాలి. పిల్లల్లో దాడులకి అన్నిటికన్నా పెద్ద కారణం అదే. జూన్‌లో బడులు తెరిచాక చూడండి. దీపావళి, భోగి తేదీలు ముందే రాసిపెట్టి, ఆ వారం రోజువారీ డోసు ఒక్కటీ తప్పకుండా చూసుకోండి. మీ అంతట మీరు డోసు మాత్రం పెంచకండి.

చిలకలగూడ_శీను · బుధవారం ఉదయం 9:41

మృగశిర కార్తెకి చేప మందు కూడ యాప్‌ల రాయాల్నా 😀

నర్స్_సుజాత · బుధవారం ఉదయం 10:02

రాయండి శీనన్నా, తేదీతో సహా. వెళ్లేవాళ్లు ఎలాగూ వెళ్తారు. నేను చెప్పేదల్లా, ఆ రోజూ ఆ తర్వాతా ఇన్హేలర్ ఆపకూడదు. నాంపల్లి గ్రౌండ్స్‌లో క్యూలో దుమ్ము, జనం ఉంటారు, స్పేసర్, అస్థాలిన్ సంచిలో ఉండాలి. చేప పడని పిల్లల్ని అసలు తీసుకెళ్లకూడదు. కార్తె తర్వాత నెల కౌంటర్ కదలకుండా ఉంటే ఏం జరిగిందో అదే చెప్తుంది.

మోడరేటర్ · బుధవారం ఉదయం 11:30

రెండు సూచనలు. ఎవరూ పిల్లల పేర్లు, రిపోర్టుల ఫొటోలు ఇక్కడ పెట్టకండి. యాప్‌లకీ అదే వర్తిస్తుంది: పూర్తి పేరు బదులు ముద్దుపేరు చాలు. లొకేషన్ "ఎల్లప్పుడూ" అడిగితే "వాడుతున్నప్పుడు మాత్రమే" ఇవ్వండి, కాంటాక్ట్స్ అడిగితే ఇవ్వక్కర్లేదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో 18 ఏళ్లలోపు వాళ్లంతా పిల్లలే, తల్లిదండ్రుల అనుమతి కావాలి. అకౌంట్‌తో పాటు డేటానీ చెరిపేసే బటన్ ఉందో లేదో మొదటి రోజే వెతకండి.

రెండోది, కెమెరా మీద వేలు పెడితే ఆక్సిజన్ చెప్తాం, మైకులో ఊదితే పీక్ ఫ్లో చెప్తాం అనే ఉచిత యాప్‌ల లింకులు తీసేస్తున్నాం. వాటిని నమ్మి ఆయాసంలో ఉన్న పిల్లల్ని ఇంట్లో ఉంచకూడదు.

పీడియాట్రిక్_పీజీ · బుధవారం మధ్యాహ్నం 12:15

దానికి కొనసాగింపు. మాట పూర్తి చేయలేకపోవడం, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీయడం, పెదవులు నీలంగా మారడం, మగతగా ఉండటం, అంతదాకా వినిపించిన పిల్లికూతలు ఆగిపోయి ఛాతీ నిశ్శబ్దంగా అవడం. వీటిలో ఏ ఒక్కటి కనపడినా యాప్ తెరవకండి, పీక్ ఫ్లో ఊదించకండి. 108కి ఫోన్, అది వచ్చేలోపు కాగితంలో రాసినట్టు రిలీవర్. పిల్లికూతలు ఆగాయంటే తగ్గిందని సంబరపడతారు, అదే భయపడాల్సిన చోటు. ఆ కాగితాన్ని ఫొటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలో పెట్టండి, ఫ్రిజ్ మీద ఒక కాపీ. నెట్ లేకపోయినా కనపడాలి.

ఇంకోటి, ఉబ్బసం ఎంత అదుపులో ఉందో కొలవడానికి యాప్ నెలనెలా వేసే ప్రశ్నావళి. 4 నుంచి 11 ఏళ్లవాళ్లకి ఏడు ప్రశ్నలు: నాలుగు పిల్లలే ముఖాల బొమ్మలు చూసి చెప్పాలి, మూడు తల్లిదండ్రులు. మొత్తం 27, 19 అంతకన్నా తక్కువైతే అదుపులో లేదు. పిల్లల ప్రశ్నలకి అమ్మానాన్నలే జవాబు నొక్కేస్తే స్కోరు చెడిపోతుంది. 12 ఏళ్లు రాగానే యాప్ పెద్దల ప్రశ్నావళికి మారుతుంది, దాని మొత్తం 25. గ్రాఫ్ ఒక్కసారిగా పడినట్టు కనిపిస్తే కంగారు పడకండి, కొలబద్దే మారింది.

హనుమకొండ_లక్ష్మి · బుధవారం రాత్రి 9:30

అందరికీ చాలా థాంక్స్. ఇప్పటికి చేసింది: డాక్టరుగారికి ఫోన్ చేసి మూడు గళ్ల కాగితం రాయించుకున్నాం. యాప్‌లో ముందే ఉన్న ప్లాన్ చెరిపేసి అది ఎక్కించాను. పర్సనల్ బెస్ట్ గడి ఖాళీ, రెండు వారాల తర్వాత నింపుతాను. అత్తయ్య ఫోన్‌లో 6:45కి అలారం, నా ఫోన్‌లో రాత్రి 8:30కి. ట్రిగ్గర్లు ఐదు: జలుబు, దోమల చక్రం, సాంబ్రాణి, తాలింపు, పరుగు. కొత్త బుడెకార్ట్ ఈరోజే మొదలు, కౌంటర్ 200. ఏమైనా వదిలేశానా?

తెనాలి_ఫార్మసిస్ట్ · బుధవారం రాత్రి 9:58

ఒక్కటి. 200ని రోజుకి 4తో భాగిస్తే 50 రోజులు. మీ విజిట్ 8 వారాలకి, అంటే 56వ రోజు. మధ్యలో 6 రోజులు మందు ఉండదు. యాప్‌లో "రీఫిల్" గడి ఉంటే కౌంటర్ 20కి వచ్చినప్పుడు మోగేలా పెట్టండి, 45వ రోజుకి వస్తుంది. కొత్తది మొదలుపెట్టిన రోజు లెక్కని మళ్లీ 200 చేయడం మర్చిపోకండి, లేకపోతే యాప్ మైనస్‌లోకి పోతుంది.

హనుమకొండ_లక్ష్మి · బుధవారం రాత్రి 10:03

45వ రోజు శుక్రవారం పడుతోంది, మా వీధిలో మందుల షాపు ఆదివారం ఉండదు. శుక్రవారమే పెట్టేశాను.